కదలబాక పెద్దాయనా

నెల్లూరులో ఎమ్మారై గది అద్దం వెనక కూర్చుని స్కాన్ తీసే అబిగయీలు నొసలు పొద్దస్తమానం ముడిపడే ఉంటుంది. మెదడులో నరాల దారులు పటంగా రావాలంటే పది నిమిషాలు తల కదలకూడదు. కదలని తల ఆమెకింతవరకు తగల్లేదు. తడ నుంచి వచ్చిన రైతు పెంచలయ్య తలలో గడ్డను రేపు కోయబోయే డాక్టరుకు ఆ పటం కావాలి. రెండుసార్లు తీస్తే రెండూ చెదిరాయి. నిమిషానికోసారి మైకులో, "కదలబాక పెద్దాయనా, ఇంటుండావా?" అని గద్దిస్తూనే ఉంది. చివరికి విసురుగా లోపలికెళ్లి, "తల ఎందుకు కదిలిస్తుండావు?" అని అరిచింది.

"నువ్వు అడగతానే ఉండావు గదమ్మా! పలకబాకంటివి. తలన్నా ఊపకపోతే మర్యాదేనా?" అన్నాడు పెంచలయ్య.

ఆమె తిరిగొచ్చి మైకు ఆపేసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని కూర్చుంది. ఈసారి పటం చెదరకుండా వచ్చింది. తొమ్మిదేళ్లుగా తను తిట్టిన తలలన్నీ ఎదుటి తెర మీద వరుసగా ఊగినట్టనిపించింది.