టోపీ పెట్టిన నల్ల తీగ

1982 మార్చిలో నేను మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌కు దగ్గరలో, కార్ల విద్యుత్ భాగాలు తయారుచేసే ఒక సంస్థ ప్రయోగశాలలో సెక్షన్ ఇంజనీరుగా ఉన్నాను. నా కింద ఆరుగురు ఇంజనీర్లు, భవనానికీ పరీక్షా యంత్రాలకూ మెయిన్ కరెంటు తీగలు వేసే ఇద్దరు ఎలక్ట్రీషియన్లు. స్టార్టర్లనూ రిలేలనూ వేడిలో కాల్చి, చలిలో బిగదీసి, అవి ఎప్పుడు చేతులెత్తేస్తాయో నమోదు చేయడం మా పని.

ఆ నెల మొదట్లో పైనుంచి ఒక ఫారం వచ్చింది. ఇద్దరు ఎలక్ట్రీషియన్లలో ఒకరి పేరు రాసి, సంతకం చేసి పంపాలి. అది లేఆఫ్ జాబితా, ఉద్యోగం పోయేవాళ్లది. నేను ఫైళ్లు తెప్పించి చూశాను. ఒకతని ఫైల్లో తాను వేసిన ప్రతి తీగకూ డ్రాయింగు ఉంది. రెండో అతను స్టాన్ ష్చెపాన్‌స్కీ. తొమ్మిదేళ్ల సర్వీసు, అంతకు ముందు ఇళ్లకు వైరింగు చేసిన మాస్టర్ ఎలక్ట్రీషియన్. ఫైల్లో ఒక్క డ్రాయింగు లేదు. అతని పేరు రాశాను. పావుగంట పట్టింది.

మూడు వారాల తరువాత ఒక శుక్రవారం సాయంత్రం ఆ స్టాన్ మా ఇంటికి ఫోన్ చేశాడు. తీసింది నా భార్య సుభద్ర. విషయం ఇది. స్టాన్‌కు హ్యూస్టన్‌లో ఉద్యోగం దొరికింది. సోమవారం ఉదయం ఏడింటికి హాజరు కావాలి. ఎవరి పనిముట్లు వాళ్లే తెచ్చుకోవాలని షరతు. పాత ట్రక్కు అమ్మేశాడు. అద్దె ఇల్లు శనివారం మధ్యాహ్నానికి అప్పగించాలి. మిగిలింది ఆరేళ్లుగా గరాజ్‌లో సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల కారు. తాత్కాలిక తీగలతో ఇంజను నడిచేది, ప్రభుత్వ తనిఖీ కూడా అయింది. ఈ వారం ఆ తీగలు పీకేసి అసలు డ్యాష్‌బోర్డు బిగించాడు. అప్పటినుంచి తాళం తిప్పితే చప్పుడే లేదు. దీపాలు, వైపర్లు కూడా ఆ డ్యాష్‌బోర్డు గుండానే పోతాయి కనుక వెనకటి ఏర్పాటుతో రెండు రోజుల ప్రయాణం కుదరదు.

డ్యాష్‌బోర్డు, దాని వెనక తీగల కట్ట, పాడైన ఒక ఇంగ్లీషు కారు నుంచి తీసినవి. ఇంగ్లీషు కార్ల తీగలు ప్రయోగశాలలో నాకొక్కడికే తెలుసు. మా తాతగారిది పంతొమ్మిది గ్రామాల ఎస్టేటు, షెడ్డులో మూడు ఇంగ్లీషు కార్లు ఉండేవి. నాకు ఊహ తెలిసేనాటికి ఎస్టేటు పోయింది, కారు ఒకటి మిగిలింది, అదీ ఇటుకల మీద. దాని తీగలు విప్పి, కట్టి నేను ఈ విద్య నేర్చుకున్నాను. గోధుమరంగు ఎప్పుడూ కరెంటుండే తీగ. తెలుపు తాళం తిప్పితే కరెంటొచ్చేది. నలుపు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి. ఈ ఎస్టేటు సంగతి ఒకసారి కాంటీన్‌లో చెప్పినందుకు నాకు ‘ప్రిన్స్’ అని పేరు పెట్టారు. తప్పు కాదు కనుక నేను సరిదిద్దలేదు.

నేను వెనకాడుతుంటే సుభద్ర అంది: “ఏవండీ, లిస్ట్‌లో పేరు రాసేటప్పుడు ఇంత ఆలోచించారా? వెళ్లి చెక్ చేసి రండి. గరాజ్‌కి టై మాత్రం వద్దు, బాబోయ్.”

టై కట్టుకునే వెళ్లాను.

శనివారం ఎనిమిదింటికి స్టాన్ గరాజ్‌లో సామాను ఏమీ మిగల్లేదు. కారు, రెండు పనిముట్ల పెట్టెలు, గోడ మీద గడియారం. కారుకు ఇనుప ఫ్రేమ్, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ. ఫైబర్‌గ్లాస్ కరెంటు పోనివ్వదు కనుక ప్రతి పరికరానికీ తిరుగుదారి తీగ విడిగా వేయాలి. బ్యాటరీ వెనక డిక్కీలో ఉంది. దాని పక్కన ఇళ్లలో పాత మెయిన్ బోర్డుల్లో ఉండే పిడి స్విచ్ ఒకటి బిగించాడు. కారుకు ఇదెందుకని నేను నవ్వుకున్నాను.

“ప్రిన్స్, ఆ మెడకు కట్టింది తీసెయ్. ఫ్యానుకు చుట్టుకుంటే నీ రాజ్యానికి వారసుడుండడు.”

“పరవాలేదు, మిస్టర్ ష్చెపాన్‌స్కీ,” అని టైను చొక్కా గుండీల మధ్య దోపుకున్నాను.

కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరుకూ నేను చెప్పే మొదటి పాఠం ఒకటుంది. వోల్టులు కొలిచే మీటరు నల్ల క్లిప్పు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే పెట్టాలి, తరువాతే ఎర్ర మొనతో వెతకాలి. ఆ రోజు బ్యాటరీ డిక్కీలో ఉంది, మీటరు తీగ అందదు. పొడవు తీగ కోసం అతన్ని అడగాలి, లేదా నేల మీద పడుకుని బ్యాటరీ నెగటివ్ కలిసిన ఫ్రేమ్ వెతకాలి. నేను సీట్లో కూర్చుని, చేతికందిన చోట, డ్యాష్‌బోర్డు కింద ఉన్న స్టార్టర్ రిలే నల్ల తీగకు క్లిప్పు పెట్టాను. తాళం నుంచి వచ్చే చిన్న కరెంటుతో స్టార్టర్‌కు పోయే పెద్ద కరెంటును కలిపే పెట్టె ఆ రిలే. నలుపు ఎర్త్ అని చిన్నప్పటినుంచీ తెలిసినవాణ్ణి కదా.

ఎక్కడ తాకినా సున్నా. గోధుమ తీగ మీద సున్నా. తాళం తిప్పితే తెలుపు మీదా సున్నా. డ్యాష్‌బోర్డుకు కరెంటే రావడం లేదని తేల్చాను.

“తాళం స్విచ్ పాడైంది.”

“నిన్న రాత్రే టెస్ట్ చేశాను. బాగానే ఉంది.”

“దయచేసి నా పని నన్ను చేసుకోనివ్వండి.”

స్విచ్ విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించాను. సున్నా. బ్యాటరీ నుంచి ముందుకు వచ్చే ప్రతి జాయింటూ విప్పి గీకి బిగించాను. సున్నా. పది దాటింది. స్టాన్ పెట్టె మీద కూర్చుని గడియారం చూస్తున్నాడు. పదిన్నరకు ఇంటి యజమాని వచ్చి గుమ్మంలో నిలబడి, “పన్నెండు, స్టాన్,” అని చెప్పి వెళ్లాడు.

పదకొండుకు పది నిమిషాలు ఉన్నాయనగా ఇంజను పక్కన ఫ్రేమ్‌కు ఆనుకుని ఒక లావాటి నల్ల తీగ కనిపించింది. కొసకు ఇళ్ల ఎలక్ట్రీషియన్లు తిప్పి బిగించే చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంది. మన భాషలో టోపీ పెట్టడమంటే ఏమిటో మీకు తెలుసు, కానీ ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. అంగుళం దూరంలో ఫ్రేమ్ మీద ఖాళీ బోల్టు. ఎర్త్ తీగ బిగించడం మరిచిపోయాడు, దొరికింది అనుకున్నాను. కొలవలేదు. అడగలేదు. టోపీ తీసి తీగను బోల్టుకు తాకించాను.

వెల్డింగు లాంటి మెరుపు. రాగి పోగులు బోల్టుకు అతుక్కుపోయాయి. లాగితే రాలేదు. తీగ మీది తొడుగు క్షణంలో పొంగి పొగలు కక్కింది. ఆ తీగ పక్కనే పెట్రోలు గొట్టం. నేను రెండు చేతులతో లాగుతున్నాను, వేళ్లు కాలుతున్నాయి.

“చేతులు తియ్!” అని స్టాన్ అరిచాడు. అప్పటికే డిక్కీ దగ్గర ఉన్నాడు. పిడి స్విచ్ పడిన చప్పుడు వినిపించింది. పొగ ఆగింది. నా టైకి రెండు చిల్లులు పడ్డాయి.

అతను వచ్చి కాలిన తీగను చూశాడు. తరువాత స్టాన్ మెల్లగా అన్నాడు:

“అది హీటర్ కోసం వదిలింది. ఫ్యూజు ఇంకా పెట్టలేదు, అందుకే టోపీ. నలుపు హాట్, ప్రిన్స్, అంటే కరెంటుండే తీగ. తెలుపు తిరుగుదారి. ముప్ఫై ఏళ్లుగా వేస్తున్నాను.”

“ఇళ్లలో. కార్లలో నలుపు ఎర్త్.”

“ఎవరు చెప్పారు?”

“అందరికీ తెలుసు.”

“నాకెవరూ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు కూడా.”

అప్పుడు అడిగాను. ఆ రోజు నేనడిగిన మొదటి ప్రశ్న అదే. “డ్యాష్‌బోర్డు కట్టలో నల్ల తీగలు ఎక్కడికి పోయాయి?”

“అన్నీ ఒక కొసకు చేరాయి. ఎక్కడినుంచీ కరెంటు లేని హాట్ తీగలనుకుని దానికీ టోపీ పెట్టాను. లోపల, పైన.”

లెక్క తేలింది. డ్యాష్‌బోర్డుకు కరెంటు వస్తూనే ఉంది, తిరిగిపోయే దారి లేదు. దారి మూసుకుపోయిన ఆ నల్ల తీగలు రిలే ద్వారా, దీపాల ద్వారా బ్యాటరీ వోల్టేజీకే ఎక్కి కూర్చున్నాయి. దానికి మీటరు క్లిప్పు పెట్టి కొలిస్తే తేడా సున్నానే వస్తుంది. మీటరు నిజమే చెప్పింది. దాన్ని ఎక్కడ నిలబెట్టి అడిగానన్నది నా తప్పు.

టై తీసి సీటు మీద పెట్టాను. అట్టముక్క పరిచి, గరాజ్ నేల మీద వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చాను. స్టాన్ దీపం పట్టుకున్నాడు. నా ముఖం అతనికి కనిపించని ఆ సమయంలో అడిగాడు:

“జాబితాలో నా పేరు రాసింది నువ్వేగా?”

“అవును.”

“ఎందుకు?”

“మీ ఫైల్లో ఒక్క డ్రాయింగు లేదు.”

“అడిగితే గీసిచ్చేవాణ్ణి.”

చేత్తో తడిమి ఆ కొస పట్టుకున్నాను. టోపీ విప్పాను. అతను పనిముట్ల పెట్టెలోంచి ఆకుపచ్చ తీగ అందించాడు. దాన్ని నల్ల తీగల కొసకు కలిపి, ఫ్రేమ్‌కు బోల్టుతో బిగించాను.

“నా పేరు స్పెల్లింగు మాత్రం సరిగ్గా రాశావు,” అన్నాడు దీపం కదపకుండా. “ఈ కంపెనీలో తొమ్మిదేళ్లలో అదొక్కటే.”

కాలిన తీగను కోసి తీసేశాం, స్టాన్ పిడి స్విచ్ మళ్లీ వేశాడు. ఈసారి పొడవు తీగతో నల్ల క్లిప్పు బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి కొలిచాను. గోధుమ మీద పన్నెండున్నర వోల్టులు. తెలుపు మీదా అంతే. గేరు న్యూట్రల్‌లో ఉందా అని నేను పైకి అడిగాను, ఉందని అతను పైకి చెప్పాడు. పదకొండు నలభైకి తాళం తిప్పాడు. రిలే టక్కుమంది, స్టార్టర్ తిరిగింది, మూడోసారికి ఇంజను అందుకుంది.

పనిముట్ల పెట్టెలు ఒకటి పక్క సీట్లో, ఒకటి వెనక కట్టి, పన్నెండుకు ఐదు నిమిషాల ముందు బయలుదేరాడు. నా టై సీటు మీదే ఉండిపోయింది. సుభద్ర ఆరా తీస్తే హ్యూస్టన్ వెళ్లిందని చెప్పాను.

సోమవారం మా సెక్షన్ పరీక్షా ఫారంలో మొదటి గడి మార్చాను. అంతకు ముందు అక్కడ బ్యాటరీ వోల్టేజీ రాసేవారు. దాని స్థానంలో ‘తీగ వేసిన వ్యక్తిని అడిగారా? ఏం చెప్పాడు?’ అని పెట్టాను. ఆ గడి ఖాళీగా ఉన్న ఏ రిపోర్టు మీదా పదవీ విరమణ దాకా నేను సంతకం చేయలేదు. లేఆఫ్ జాబితా ఫారంలో అటువంటి గడి లేదు. దాన్ని మార్చే అధికారం నా హోదాకు లేదు. ఆ తరువాత నాకు మరి రెండు జాబితాలు వచ్చాయి. ఆ రెండుసార్లూ, పేరు రాసే ముందు, వెళ్లి అడిగాను.