సందు లేని అల్మారా

తొంభైల్లో దూలపల్లిలో మా పక్కింటాయన ఫ్యాక్టరీలు పారేసిన పెట్టెల చెక్కతో తనే అల్మారాలు చేసుకున్నాడు. గోడంతా పుస్తకాలే. నావి గోనెసంచుల్లో మగ్గుతుంటే, ఆ గోడ చూసినప్పుడల్లా కడుపు మండేది. ఆయన మాట్లాడుతూనే వేలి కణుపుతో చెక్కను టకటకా కొట్టి, "మస్తు గట్టిగున్నది సార్" అని మురిసిపోయేవాడు.

ఆ గోడ ఒక్కసారైనా బోసిపోతే చూడాలని, లావుపాటి పుస్తకాలు నాలుగు అడిగి తెచ్చుకున్నాను. వారం తర్వాత వెళ్తే, ఆ సందుల్లో సరిగ్గా అంతే లావున, నున్నగా చిత్రిక పట్టిన చెక్కముక్కలు! ఒక్కోదాని మీద పెన్సిల్‌తో నా పేరు.

"జల్దీ ఏం లేదు సార్, నిమ్మళంగ సదువుకోండ్రి. పక్క బుక్కులు ఒరగకుండ గివి వెట్టిన" అంటూ వాటినీ టకటకా కొట్టాడు.

నా పుస్తకాలకు మా ఇంట్లో లేని చోటు, నా పేరుకు ఆయన అల్మారాలో దొరికింది.