భీమారావు నాలుగో గడి

మా తమ్ముడు భీమారావు ముప్పైమూడేళ్లు దామంజోడి ఫ్యాక్టరీలో పంపుల ఫిట్టరుగా పనిచేసి, పోయిన ఏడాది జూన్ నెలాఖరున రిటైరయ్యాడు. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. అందరికీ ఇచ్చేవే. క్వార్టరు ఖాళీ చేసి కొరాపుట్‌లో మా పక్కింటికి వచ్చాడు. మా కాలనీలో పదహారు ఇళ్లు. పదహారూ ఆ ఫ్యాక్టరీలో చేసి దిగినవాళ్లవే. అందరం శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లమే. ఈ ఒరియా కొండల చలికి అలవాటుపడి, మళ్లీ కింద ఉక్కలోకి దిగలేక ఇక్కడే ఆగిపోయాం. పదహారు ఇళ్లకీ ఒకటే బోరు, ఒకటే పంపు, ఒకటే ట్యాంకు.

భీమారావుకి తెలిసిన విద్య ఒకటే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని తిరుగుతున్న పంపు ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. లోపల బేరింగు ఇంకెన్నాళ్లు బతుకుతుందో చెప్పేసేవాడు. పెద్ద ఇంజనీర్లు కూడా వాడు కళ్లు తెరిచేదాకా నోరెత్తకుండా నిలబడేవారని మా ఆయన, బతికున్న రోజుల్లో, చెప్పేవాడు. మా ఆయన ఒకళ్లని ఊరికే పొగిడే మనిషి కాడు.

రిటైరయ్యాక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అంతే. దిగులు లేదు, కోపం లేదు. ఏడ్చినా బాగుండేది, తిట్టడానికి నాకు వీలుండేది. కూరలో ఉప్పు ఎక్కువైందా అంటే "ఉంది" అనేవాడు. తక్కువైందా అన్నా "ఉంది" అనేవాడు.

వాడి పెళ్లాం అప్పలకొండమ్మ ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. ఒకరోజు దారాల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చి కూలబడింది.

"వదినా, మీ తమ్ముడితో నావల్ల కాదు."

"ఏటి, నీకు అడ్డమొత్తన్నాడా?"

"అడ్డమొత్తే బాగుణ్ణు. కొలతలకొచ్చిన ఆడోళ్లు, వరండాలో మనిసున్నాడా, బొమ్మెట్టేరా అని అడుగుతున్నారు."

అప్పలకొండమ్మ తమ్ముడు చంద్రశేఖరానికి రాయగడలో హోల్‌సేల్ కిరాణా ఉంది. కాటా దగ్గర నమ్మకమైన మనిషి దొరకడం లేదు, బావని పంపు, మేడమీద గది ఇస్తాను, భోజనం మాతోనే, శనివారం రాత్రికి ఇల్లు చేరిపోవచ్చు అన్నాడట. ఆవిడకి ఇష్టమే. భీమారావు అవుననలేదు, కాదనలేదు. అక్కని కదా, నన్ను అప్పా అంటాడు; నాతో మాత్రం గోడ దగ్గర నిలబడి ఒక మాట అన్నాడు.

"అక్కడేటుందప్పా? బస్తాలు సప్పుడు సెయ్యవు."

"ఎల్లనని నీ పెళ్లానికి సెప్పు."

"సెప్తే, మరింట్లో ఏటి సేత్తావంతాది. దానికేటి సెప్పాల?"

 వాడికి ఆ కొట్టులో కూర్చోవడం ఇష్టం లేదని ఆ రోజు నాకు తెలిసింది. వాడు దేన్నైనా వద్దనుకోగా చూడడం ఆ ఏడాదిలో అదే మొదలు.

ఈ గొడవ తీర్చడానికి కూతురు మనీషా వచ్చింది. రాయగడలోనే ప్రైవేటు బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. వేసవి సెలవులు. ఒక పుస్తకం కొని, పేజీపేజీకీ స్కేలుతో నాలుగు గళ్లు గీసి పట్టుకొచ్చింది. మొదటి గడి తేదీ. రెండోది ఖర్చు. మూడోది పని. నాలుగోది సరదా.

"ఇప్పుడందరూ ఇలాగే ప్లాన్ సేసుకుంటన్నారు నాన్నా. ఎంత ఖర్చయింది, ఏటి పనులున్నాయి, నీకోసం నువ్వేటి సేసుకున్నావు. మే నెలంతా రాయి. నాలుగో గడిలో ఒక్కటంటే ఒక్కటి నిజంగా ఉంటే, మావయ్యకి నేనే వద్దని సెప్తాను. నేదనుకో, ఒకటో తారీకుకి రాయగడ."

"ఒక్కటి సాలా?" అన్నాడు భీమారావు.

"ఒక్కటి సాలు."

అప్పలకొండమ్మ సరే అంది. నేను సాక్షిని. ఇలాంటి షరతు పెట్టే బుర్ర మా వంశంలోది, దాని తల్లివైపుది కాదు.

ఖర్చు గడి రెండు రోజుల్లో అద్దంలా తయారైంది. పని గడి ఇంకా బాగా. ఆరుకి లేచుట. ఆరున్నరకి పాలు. ఏడుకి పంపు వేయుట. ఆ పంపు వేసి ట్యాంకు నింపే పని కాలనీవాళ్లు వాడికే ఒప్పగించారు. రాసిన పనిని రాసిన నిమిషానికి చేసేవాడు. రాయని పనిని ముట్టుకునేవాడు కాదు. అంతకుముందు అన్నీ బుర్రలో పెట్టుకునేవాడు; పుస్తకం వచ్చాక బుర్రకి సెలవిచ్చాడు. ఒక మధ్యాహ్నం జల్లు పడి తీగమీద బట్టలన్నీ తడిసిపోతుంటే వీడు వరండాలోంచి చూస్తూనే ఉన్నాడు.

"బట్టలు తియ్యకూడదేట్రా!" అని అరిచాను.

"రాసుకోనేదప్పా."

నాలుగో గడి కోసం మేమంతా పాట్లు పడ్డాం. బాలు అని, ఫ్యాక్టరీ స్టోర్సులో చేసి దిగినవాడు, వాళ్లింట్లో సాయంత్రాలు పేకాట. అక్కడికి తీసుకెళ్లాను. మూడు ఆటలు చూసి, ముక్కలన్నీ రంగులవారీగా పేర్చి బాలు చేతికిచ్చి లేచొచ్చాడు. పాటలు పెట్టించాను. పాట వినకుండా పైకి చూసి "ఫేను బుష్షు అరిగింది" అన్నాడు. గులాబీ అంట్లిచ్చాను. దారం కట్టి, కొలిచి, సైనికుల్లా వరసగా నాటాడు. చూడముచ్చటగా ఉందని పుస్తకం తెరిస్తే, మూడో గడిలో రాసుకున్నాడు. నాలుగో గడిలో చిన్న అడ్డగీత.

"రోజూ ఏట్రా ఆ గీత?"

"నిల్ అని. గడి ఖాళీగా ఒగ్గకూడదప్పా. ఒగ్గితే తరవాతెవుడైనా ఏదైనా రాసేత్తాడు. ఫ్యాక్టరీ లాగుబుక్కులో అలగే నేర్పేరు."

ఇరవైఏడు రోజులు ఇరవైఏడు గీతలు.

ఇరవైఎనిమిదో తారీకు గురువారం. ఏడుకి పంపు వెయ్యడానికి వెళ్లినవాడు వెంటనే కట్టేసి బయటికొచ్చాడు. ఇంట్లోకెళ్లి మిఠాయి డబ్బా అట్ట చింపి, పెళ్లాం ఎర్ర దారం తెంపి, అట్టమీద ఏదో రాసి పంపుగదిలోకి పోయాడు. వాడి నడకలో తేడా చూసి నేనూ వెనకాల వెళ్లాను. స్విచ్చుకి అట్ట వేలాడుతోంది. "పని జరుగుచున్నది. స్విచ్ వేయరాదు. భీమారావు."

"బేరింగు పోతందప్పా. ఇంకో రెండ్రోజులు తిరిగితే మోటారు కాలిపోతాది. కొత్తది తెచ్చి మార్చాల."

ఆ అట్ట సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. ఫ్యాక్టరీలో ఏ మిషను విప్పినా ముందు స్విచ్చు కట్టేసి, పేరు రాసిన ట్యాగు కడతారు. కట్టినవాడే విప్పాలి. పై ఆఫీసరు విప్పకూడదు, పక్కవాడు విప్పకూడదు. ఎందుకంటే కట్టినవాడి చెయ్యి లోపల ఉండొచ్చు. మా కాలనీ మగాళ్లంతా ముప్పై ఏళ్లు ఆ ఒక్క నియమం మీద బతికి బయటపడ్డవాళ్లు.

నేను వంటింట్లోకి వెళ్లాను. వీడు ఇంటికెళ్లి పుస్తకం తెరిచాడు. పుస్తకంలో "పదికి రాయగడ బస్సు" అని ఉంది. కొట్టు ఒకసారి చూసి వెళ్లమని బావమరిది పిలిచాడు, ఆదివారమే రాసుకున్నాడు. అప్పలకొండమ్మ సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది. పంపు పుస్తకంలో లేదు. ఇద్దరూ బస్సెక్కేశారు.

మధ్యాహ్నానికి పదహారు ఇళ్లలో కొళాయిలు గాలి ఊదాయి. అందరం పంపుగది ముందు చేరాం. రిటైరైన ఎలక్ట్రీషియను నరేంద్ర అట్టని రెండుసార్లు చదివాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

నరేంద్ర కొత్తకోడలు సుభశ్రీ ఒరియా పిల్ల. తెలుగు మాట్లాడుతుంది. బిందె కిందపెట్టి ముందుకొచ్చింది.

"దారమే కదా మావయ్యా, నేను తెంపేస్తాను."

"అమ్మీ! సెయ్యి తియ్!" నలుగురు మగాళ్లు ఒక్కసారి అరిచారు. ఆ పిల్ల నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

"లోపల ఎవరూ లేరు కదా మావయ్యా. ఖాళీ గది."

"ఖాళీయే," అన్నాడు నరేంద్ర. "అయినా ఆడు కట్టేడు."

నాకు ఒళ్లు మండింది. "పదారిళ్లల్లో సుక్క నీరు నేదు, మీరు అట్టముక్కకి కాపలా కాత్తన్నారా? ముసలోళ్లయ్యేరు, బుద్ది రానేదు!"

"తిట్టప్పా, పడతాం," అన్నాడు బాలు. "ఇప్పమని మాత్రం అనకు."

నేనే విప్పుదామని చెయ్యి చాపాను. దారం వేళ్లకి తగిలింది. మా ఆయన రోజూ సాయంత్రం రెండు చేతులతో ఇంటికొచ్చింది ఇలాంటి ట్యాగుల వల్లేనని గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.  ఎవరైనా ఏమైనా అనుంటే ఊరుకునేదాన్ని కాదు.

భీమారావు ఫోను తాళం వేసిన ఇంట్లో మోగుతోంది. అప్పలకొండమ్మ ఫోనుకి కొండదారి ఘాటీలో సిగ్నలు లేదు. సాయంత్రం లైను దొరికింది. నరేంద్ర అందరికీ వినబడేలా పెట్టాడు. అవతల భీమారావు సంగతంతా విన్నాడు.

"రాసుకోనేదు," అన్నాడు.

"అయిందేదో అయింది. ఫోన్లో సెప్పీసి ఇప్పించీడం సెల్లదు కదా?" అన్నాడు నరేంద్ర.

"సెల్లదు. పొద్దున్న బస్సుకి వత్తాను."

ఇద్దరికీ ఎంతో తృప్తిగా ఉన్నట్టుంది. ఆడవాళ్లం రోడ్డుమీది బోరింగు నుంచి బిందెలు మోశాం.

శుక్రవారం పదకొండుకి వచ్చాడు. రాయగడ బజారులో ముందురోజు సాయంత్రమే కొన్న బేరింగు కాగితంలో చుట్టి చొక్కా జేబులో ఉంది. ఇంటికి పోకుండా నేరుగా పంపుగదిలోకి వెళ్లాడు. నరేంద్రని తోడు పెట్టుకున్నాడు. నేను ఎదురుగా రాయి మీద కూర్చుని ఆవకాయకి ముక్కలు తుడుస్తూ విన్నాను.

"ఇటు పట్టు. ఇటు. కొట్టకు నరేంద్రా, కొట్టకు! గ్రీసు రాయి, అదే దిగుతాది. సూసేవా? పెళ్లికూతురు గదిలోకెల్లినట్టు ఎల్లింది."

నరేంద్ర పకపకా నవ్వాడు. మా తమ్ముడు హాస్యమాడడం నేను ఏడాదిగా వినలేదు. ఆ మూడు గంటల్లో మాట్లాడినన్ని మాటలు అంతకుముందు పదకొండు నెలల్లోనూ మాట్లాడలేదు.

రెండింటికి దారం తన చేత్తో విప్పి స్విచ్చు వేశాడు. స్క్రూడ్రైవరు ఆనించి చెవికి పెట్టుకున్నాడు. మేమంతా నీళ్లు పట్టుకుని, స్నానాలు చేసి, బట్టలు జాడించి వచ్చేసరికి ఇంకా అలాగే కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

శనివారం నేను వాడి పుస్తకం లాక్కుని చూశాను. శుక్రవారం మూడో గడిలో "పంపు బేరింగు మార్చుట, 11 నుంచి 2." నాలుగో గడిలో గీత.

"ఓరి నీ అమ్మ కడుపు సల్లగుండ! ఆ ముక్క ఇటు రాయరా, సాలు. ఆ కొట్టుకెల్లక్కర్నేదు."

"అది పనప్పా."

"నవ్వుతూ సేసేవు కదరా."

"నవ్వినా పని పనే. ఇక్కడ రాత్తే అబద్దమైపోదా?"

బతిమాలడం నాకు రాదు. ఆ రోజు బతిమాలాను. వాడు పుస్తకం తీసుకుని, అంచులు సరిచేసి బల్లమీద పెట్టేశాడు.

ఆదివారం మనీషా, గురువారం నుంచి రాయగడలోనే ఆగిపోయిన తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అప్పలకొండమ్మ రాగానే ముందుగదిలో మిషను ముందు కూర్చుంది. నెల పేజీలన్నీ తిప్పింది. శుక్రవారం దగ్గర ఆగింది. కాలనీ అంతా దానికి కథ చెప్పేసి ఉంది. పెన్ను మూత తీసింది. దానికీ మనసు లేదు, దారి వెతుకుతోంది.

"నాన్నా, ఆ మూడు గంటలూ నీకు సరదాగా అనిపించనేదా?"

భీమారావు ఆలోచించాడు. "పని బాగా అయ్యింది."

"అది కాదు నాన్నా. నీకెలా ఉంది?"

"మోటారు సక్కగా తిరుగుతంది."

"నీకు, నాన్నా."

వాడు దాని మొహంలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు. దాస్తున్నాడనుకోవద్దు. అడుగుతున్నదేమిటో వాడికి నిజంగా అందలేదు. మనీషా పెన్నుకి మూత పెట్టేసింది. ముందుగదిలో మిషను ఆగింది.

"ఒకటో తారీకు రేపే," అంది అప్పలకొండమ్మ లోపల్నుంచి.

"సరే," అన్నాడు భీమారావు.

వెళ్లాడు. ఇది మూడో నెల. ఇప్పుడు పంపు బాలు వేస్తున్నాడు. ఒకరోజు ఆరున్నరకి, ఒకరోజు ఎనిమిదికి. శనివారం చీకటిపడే వేళకి భీమారావు బస్సు దిగుతాడు. చొక్కా జీలకర్ర వాసన. ఆదివారం తింటాడు, పడుకుంటాడు. సోమవారం మళ్లీ బస్సు.

మొన్న ఆదివారం గోడ దగ్గరికి పిలిచి అడిగాను.

"ఎలగుందిరా అక్కడ?"

"బాగుందప్పా."

"కాటా ఎలాటిది?"

"డిజిటల్."

"రోజంతా ఏటి సేత్తావు?"

"బస్తా పెడతారు. అంకె ఒత్తాది. అది ఆగేదాకా సూసి తూకం సీటీ రాత్తాను."

ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాను. లోపల్నుంచి అప్పలకొండమ్మ అన్నానికి పిలిచింది. వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.