ముందు బండి నువ్వు, వెనక కారు నేను

నిన్న పొద్దున్నే సుజాతక్క ఫోన్.

"మీ బావ లేవట్లేదే" అంది.

చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే స్టీరింగ్ మీద గుద్దుతూ కూర్చున్నాను. నేను వెళ్ళేసరికే డాక్టర్ వచ్చి వెళ్ళిపోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మా రత్నం బావ లేడు.

ఇవాళ మధ్యాహ్నం సమాధుల తోట నుంచి వచ్చాం. అప్పటి నుంచి కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియట్లేదు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానా అని నిలబడుతున్నాను.

అందుకే ఇది రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

బావ ఏడాదిగా ఒక పెద్ద బండి కోసం వెతుకుతున్నాడని మీ అందరికీ తెలుసు. ఎందుకో మాత్రం కొందరికే తెలుసు.

కూచిపూడి దగ్గర వాళ్ళ ఊళ్ళో, రేకుల షెడ్డులో, వాళ్ళ నాన్నగారి పాత తెల్ల కారు ఉంది. పెళ్ళి రోజున బావా అక్కా చర్చి నుంచి ఇంటికి వచ్చింది అందులోనే. ఇంజన్ ఎప్పుడో పోయింది. హనుమాన్ జంక్షన్‌లో ఒక మెకానిక్ "తీసుకురండి సార్, నడిపిస్తా" అన్నాడు.

వచ్చే నెల వాళ్ళ పెళ్ళికి సిల్వర్ జూబిలీ. ఆ రోజు మళ్ళీ అదే కారులో చర్చికి తీసుకెళ్తానని బావ అక్కకి మాటిచ్చాడు.

"లారీ ఎక్కించొచ్చుగా బావా?" అన్నాను ఒకసారి.

ఊరి కాలవ మీద చప్టా సన్నం, లారీ పట్టదు. క్రేన్ అంటే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. వెనకెప్పుడో క్రేన్ వాళ్ళు కారు ముందు భాగం ఎత్తి బంపర్ ఊడబీకారు. వాళ్ళ నాన్నగారు ఆ రోజు అన్నం ముట్టలేదట. ఇక మిగిలింది తాడు కట్టి ఇంకో బండితో లాక్కురావడమే.

షెడ్డు నుంచి రోడ్డు ఎక్కేదాకా నల్లమట్టి దారి. చిన్న బండి వెళ్తే అదే దిగబడుతుంది. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేది కావాలి. బరువైనది కావాలి. ముందు బండి తేలిగ్గా ఉంటే పల్లంలో వెనక కారు దాన్ని తోసేస్తుందట.

ఇదంతా నాకెలా తెలుసంటారా? అన్నం దగ్గర ఇదే, చర్చి మెట్ల మీద ఇదే, పెళ్ళి భోజనాల్లో ఇదే!

"ఒక్క కారు లాగడానికి అంత బండా?" అని అక్క తల బాదుకునేది. "తర్వాత మనం తిరగడానికేగా" అనేవాడు.

షోరూమ్‌కి తోడు నేను. వాళ్ళేమో సన్‌రూఫ్ చూపిస్తారు, లోపల రంగు లైట్లు చూపిస్తారు. బావ అడిగేది ఒక్కటే.

"వెనక హుక్ ఎక్కడుందండీ?"

సేల్స్ ఆయన బిక్కమొహం వేశాడు. బావ ఇస్త్రీ తెల్లచొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరిపోయాడు. కాళ్ళు మాత్రం బయట! షోరూమంతా వచ్చి చూసింది. నేను ఎవరో తెలియనట్టు పక్క బండి దగ్గరికి జరిగాను.

పోయిన వానాకాలం ఇంకో షోరూమ్ వాళ్ళ బండిని నడిపి చూద్దామని ఏటి కరకట్ట దింపించాడు. "ఏ రోడ్డైనా దున్నేస్తది సార్" అన్నాడు అక్కడి సేల్స్ ఆయన. బురదలో రెండు చక్రాలే తిరుగుతున్నాయి, బండి కదలదే!

"ఫోర్ వీల్ ఏదండీ?"

"అది టాప్ మోడల్లోనే వస్తదండీ..."

చివరికి ట్రాక్టర్ వచ్చి లాగింది. ఇంకొకరైతే ఆ మనిషిని తిట్టేవాళ్ళు. బావ మాత్రం మోకాళ్ళ దాకా బురదలో నిలబడి "చూడవే, తాడు ఎక్కడ కట్టాడో!" అని నన్ను పిలిచాడు. నవ్వలేక చచ్చాను.

పోయిన వారమే ఒకటి నచ్చింది. బుక్ చేశాడు. ఆ సాయంత్రమే డ్యూటీలు కూడా వేసేశాడు.

"ముందు బండి నువ్వు, వెనక కారు నేను. నువ్వు ఊరికే మెల్లగా పోనియ్యి. బ్రేక్ వెనకోడి పని. తాడు లూజయ్యిందంటే ఆ తర్వాత జర్క్‌కి తెగిపోద్ది. తాడు బిగువు నేను చూసుకుంటా."

ఇవాళ సాయంత్రం ఇల్లంతా చుట్టాలుండగా నా ఫోన్ మోగింది. బండి బుక్ చేసిన షోరూమ్ ఆయన. ఎంత హుషారుగా మాట్లాడాడో.

"మేడమ్, సార్ ఫోన్ ఎత్తట్లేదండీ. సోమవారం డెలివరీ. సార్ అడిగిన హుక్ వేయించేశాం. వచ్చి కింద పడుకుని చూసుకోమనండి!"

చెప్పాను. "అయ్యో..." అని, మరి బండి ఏం చెయ్యమంటారని మెల్లగా అడిగాడు.

"క్యాన్సిల్ చేసెయ్యండమ్మా, ఇంకెందుకు" అన్నారు పెద్దవాళ్ళు. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. హాల్లో నుంచి వరండాలోకి, వరండాలో నుంచి హాల్లోకి తిరుగుతున్నాను.

చుట్టాల మధ్య కూర్చున్న అక్క అప్పుడు తలెత్తింది.

"తెచ్చుకుందాం."

"వెనక కారులో ఎవరు కూర్చుంటారక్కా?"

"నేను. పెళ్ళైన కొత్తలో మీ బావ నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ కారు మీదే. తాడు లూజవ్వకూడదు, అంతేగా? ఏడాది నుంచి వింటన్నా."

అప్పుడు ఏడ్చాను. నిన్నటి నుంచి రాని ఏడుపంతా అప్పుడే వచ్చింది.

వచ్చే నెల ఆ రోజు అక్క ఆ తెల్ల కారులోనే చర్చికి వస్తుంది. మీరందరూ రండి.

బావా, ముందు బండి నేనే. మెల్లగానే పోనిస్తా.

వెనక అక్క ఉంది. నువ్విక బ్రేక్ మీద నుంచి కాలు తీసెయ్. ప్రభువు దగ్గర హాయిగా పడుకో.