చక్రం పక్కన ఏడు క్లిప్పులు

మా ఆయన నల్లసామికి క్లిప్పుల పిచ్చి. కోవిల్‌పట్టిలో ఎట్టయాపురం రోడ్డు మీద మా టింకరింగ్ షెడ్డు ఉండాది, ఇరవైయారేండ్లుగా. గుద్దుకున్న కార్ల బంపర్లు, ఫెండర్లు ఊడదీసి, సాపు చేసి, మళ్లీ బిగించేది ఆయన పని. రేకు సాపు చేసేదే పెద్ద పని అని అందరూ అనుకుంటారు. ఈయన మాత్రం బిగించే దగ్గరే ప్రాణం పెడతాడు. డ్రిల్లు బిట్లు ఒక్కొక్కటే రంధ్రంలో పెట్టి, ఏది ఆడకుండా నిలిస్తే అదే రంధ్రం కొలత అంటాడు. తర్వాత క్లిప్పు పొడుగు చూస్తాడు, అది ఎన్ని పొరలను పట్టుకోవాలో చూస్తాడు, దాని తల రంధ్రాన్ని మూస్తుందా లేదా చూస్తాడు. ఒక్క క్లిప్పుకు గంట!

"పెండ్లికి ముందు నన్ను కూడా ఇంతసేపు చూడలేదు కద మామా" అని సాధిస్తా.

"అక్క కూతురువి. పుట్టిన పొద్దే చూస్తిని, మళ్లీ ఏం చూసేది?" అంటాడు.

మొన్న ఆడి నెలలో, ఆషాఢం అంటారే అప్పుడు, ఆనంద్‌కుమార్ కారు వచ్చింది. స్టాండులో అద్దెకారు నడిపే పిల్లోడు. నాగలాపురం దారిలో అడవిపంది అడ్డమొచ్చి ముందుభాగం ఎడమపక్క పోయింది. మామ అన్నీ బిగించినాడు, ఒకటే మిగిలింది. ముందు చక్రం పైన, లోపలివైపు వంపుగా ఒక నల్ల ప్లాస్టిక్ కవరు ఉంటుంది కద, మట్టీ నీళ్లూ లోపలికి పోకుండా. అది. దానికి ఏడు క్లిప్పులు కావాల, ఆరు విరిగినాయి. మా డబ్బాల్లో ఉండేవి ఒకటి వదులు, ఇంకొకటి దూరదు. సుద్దముక్కతో రంధ్రాల పక్కన ఒకటి, రెండు అని నంబర్లు వేసి పెట్టి, పొద్దున ఆరు గంటల బస్సుకు విరుదునగర్ పోయినాడు, అక్కడ ఒక కొట్టులో దొరుకుతాయని.

"నేను వచ్చేదాకా బండి కదలకూడదు పట్టమ్మా" అని రెండుసార్లు చెప్పినాడు.

ఎనిమిదికి ఆనంద్‌కుమార్ పరిగెత్తుకొని వచ్చినాడు. వాళ్లమ్మ కమలమ్మాళ్‌కు విరుదునగర్‌లో కంటి ఆపరేషన్, పదకొండుకు అక్కడ ఉండాల, తప్పితే మళ్లీ నెల తర్వాతే. ముందురోజే చెప్పి ఏడవొచ్చు కద! వాడి మొహం చూస్తే జాలి, మామ బస్సును తలుచుకుంటే మంట.

"అమ్మను తీసుకొని తొమ్మిదికి రా, బండి రెడీగా ఉంటుంది" అనేసినాను.

తలుపు స్క్రూ వదులైతే మా ఊళ్లో ఎవరైనా ఏం చేస్తారు? రంధ్రంలో నాలుగు అగ్గిపుల్లలు కూరి బిగిస్తారు. అగ్గిపెట్టెలతో బతికిన ఊరు మాది. పెండ్లికి ముందు తొమ్మిదేండ్లు పెట్టెల్లో పుల్లలు నింపినదాన్ని నేను. ఆ పుల్లల మీద ఉండే నమ్మకం నాకు దేవుడి మీద కూడా లేదు. ఆరు రంధ్రాల్లోనూ పుల్లలు కూరి, స్క్రూలు తిప్పినాను. గట్టిగా పట్టినాయి. చేత్తో లాగి చూసినాను, కదల్లేదు. ఇంతోటి పనికి విరుదునగర్ దాకా పోవాల్నా అనుకున్నాను.

తొమ్మిదికి వాడు వచ్చినాడు. "మీ నల్లసామన్నే బిగించేసి పోయినాడు" అని చెప్పినాను. నా నోటితోనే చెప్పినాను.

వాళ్లు పోయిన పది నిమిషాలకు మామ ఫోను. "క్లిప్పులు దొరికినాయి. బండి ఉండాది కద?"

చెప్పినాను.

"ఏం పెట్టి పంపితివి?"

"అగ్గిపుల్లలు."

మామ అరవడు. ఆ పొద్దు అరిచినాడు. "అది తలుపా? నూరు మీద పోయే బండే! అదురుకు పుల్లలు నలిగి రాలిపోతాయి. కవరు జారితే టైరు లాక్కుంటుంది. టైరు పగిలితే..." అని ఆపేసినాడు.

ఆనంద్‌కుమార్‌కు ఫోను మీద ఫోను. ఎత్తడు. బండి నడిపేటప్పుడు సైలెంటులో పడేస్తాడు. ఎంత మంచి అలవాటు! ఆ పొద్దు ఆ మంచి అలవాటును నేను తిట్టని తిట్టు లేదు. "టోల్‌గేటు దగ్గర ఏ బండైనా నిదానించాల్సిందే, నేను అక్కడికి పోతా" అని మామ ఫోను పెట్టేసినాడు. పక్కన పంచరు కొట్టు ఇసక్కిరాజాను లేపి, వాడి బండి వెనక ఎక్కి కూర్చున్నాను. ఒకటే గాలి. కొంగు మొహానికి కొడుతుండాది. ఎదురుగా ఏ ఆంబులెన్స్ వచ్చినా నా గుండె ఆగుతుండాది.

సాత్తూరు ఇంకా రాలేదు, రోడ్డు మధ్యలో నల్లగా ఏదో పడి ఉండాది. "ఆపు, ఆపు!" అన్నాను. అరచేయంత ప్లాస్టిక్ ముక్క. దాని మీద సుద్దతో మూడు అని రాసి ఉండాది. మామ చేతిరాత. నేను రోడ్డు పక్కనే కూలబడి, "కమలమ్మాళ్‌ను చంపేసినానురా" అని ఏడ్చినాను. ఇసక్కిరాజా చెయ్యి పట్టి లేపి మళ్లీ బండెక్కించినాడు.

టోల్‌గేటు దాటినాక రోడ్డు ఓరన కారు నిలబడి ఉండాది. చక్రం ఊడదీసి పెట్టినారు. టైరు పక్కభాగం చెక్కుకుపోయి లోపలి దారాలు కనిపిస్తుండాయి. ఇంకో రెండు మైళ్లు పోయింటే ఆ దారాలూ తెగుండును. కమలమ్మాళ్ నీడలో కూర్చోని నీళ్లు తాగుతుండాది. ఆ తల్లిని చూసినాకే నాకు ఊపిరి వచ్చింది. మామ రోడ్డు మీద పడుకొని, చిరిగిన కవరును ఎత్తిపట్టి, కొత్త క్లిప్పులు ఒక్కొక్కటే నొక్కుతుండాడు. పైన ఆనంద్‌కుమార్, నలిగిన పుల్లలు చేతిలో పట్టుకొని, అరుస్తుండాడు.

"ఎవడన్నా అగ్గిపుల్లలు కూరతాడా అన్నా? లోపల మా అమ్మ కూర్చోనుండాది!"

మామ నన్ను చూసినాడు. తర్వాత వాడిని చూసినాడు.

"తొందరలో నేనే కూరినాను తంబీ. తప్పు నాదే."

ఎవరినైనా నిలబెట్టి కడిగేసే పట్టమ్మాళ్‌ని, ఆ పొద్దు నోరు తెరవలేదు. స్టెప్నీ వేసుకొని వాళ్లు పోయినారు, ఆపరేషనూ బాగా జరిగింది. తిరుగు బస్సులో ఎందుకట్ల చెప్పితివని అడిగితే, "ఆడదాని మీద మాట పడితే పోదే. నామీద పడితే నాలుగు దినాల్లో పోతుంది" అన్నాడు మామ.

పోలేదు. ఇప్పటికి నాలుగు నెలలు. స్టాండు కార్లు వేరే షెడ్డుకు పోతుండాయి. నా మొగుణ్ని అగ్గిపుల్ల మేస్త్రి అని పిలుస్తుండారు, ఒక్క క్లిప్పుకు గంట కూర్చునే మనిషిని! సహించలేక మొన్న మంగళవారం స్టాండుకు పోయి, అందరి ముందూ నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పినాను. కూరింది నేను, అబద్ధం చెప్పింది నేను, ఆయనకు ఏమీ తెలీదు అని.

ఆనంద్‌కుమార్ లేచి, నాకు కుర్చీ వేసి, టీ తెప్పించినాడు.

"అన్న తప్పును నీ నెత్తిన వేసుకునేదానికి ఇంత దూరం వచ్చినావే అక్కా" అన్నాడు, కండ్లు తుడుచుకుంటా. "పెండ్లాం అంటే ఇట్ల ఉండాల" అని డ్రైవర్లందరూ నన్నే మెచ్చుకున్నారు.