దళసరి పెద్దమ్మ

దళసరి కాగితం కంటబడితే పెద్దమ్మ చెయ్యి ఊరుకోదు. చీర బేరమాడే మనిషిలా వేళ్లమధ్య నలిపి చూసి, నచ్చితే సంచీలో వేసుకుంటుంది. అడగడం తర్వాతి సంగతి. అందుకే చుట్టాలంతా ఆమెకు దళసరి పెద్దమ్మ అని పేరు పెట్టేశారు.

పెళ్లికి పిలవడానికి ఎవరొచ్చినా పెద్దమ్మ పెళ్లికొడుకు ఉద్యోగం అడగదు, కార్డులు ఎన్ని మిగిలాయని అడుగుతుంది. పల్చటి కార్డు వేయించిన వాళ్లమీద ఆమెకు జాలి. ఒకసారి కాలు విరిగి మంచాన పడ్డ పక్కింటాయనను పరామర్శించడానికి వెళ్లింది. అన్నీ కనుక్కుని, "కాలు ఎలాగూ అతుక్కుంటోందిగా, ఇంక ఆ ఎక్స్‌రే నీకెందుకు తమ్ముడూ?" అంది. ఆయన నవ్వాపుకోలేక ఇచ్చేశాడు.

అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు ఆమె చెల్లెలి కొడుకు, చిన్నపిల్లల బడి హెడ్మాస్టరు. ఆమె వచ్చి వెళ్లిందంటే అతని కేలండరు నెల ముగియకుండానే తర్వాతి నెలలోకి దూకేది. దాన్ని నమ్మి ఓ ఆదివారం బడికెళ్లి తాళం ముందు నిలబడ్డాడు. ఇంత పెద్దమనిషికి ఈ కాగితాల పిచ్చేమిటని తల పట్టుకునేవాడు.

ఆ ఏడు బడి తెరిచిన రోజు, వీధి చివరి దర్జీ తన కూతురిని ఒకటో తరగతిలో చేర్పించడానికి తీసుకొచ్చాడు. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. హెడ్మాస్టరు మనసు చివుక్కుమంది గానీ చేతులెత్తేశాడు. వేళ్లతో తడిమి చదివే చుక్కల పుస్తకాలు పైనుంచి రావాలి, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. పోయిన ఏడూ అదే మాట అన్నాడు. దర్జీ పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు.

గుమ్మానికి అడ్డంగా పెద్దమ్మ నిలబడి ఉంది, చంకలో ఇటుకంత పుస్తకంతో.

"పుస్తకం లేదనేగా నీ బాధ? ఇదుగో ఒకటో వాచకం" అని బల్లమీద పెట్టింది.

హెడ్మాస్టరు తెరిచి చూశాడు. ఒక పేజీ ఎవరిదో పెళ్లికార్డు, ఇంకోటి మిఠాయి పెట్టె మూత, తర్వాత వరసగా తన కేలండరు నెలలు, నడుమ పక్కింటాయన మోకాలు. అన్నిటిమీదా చుక్కలు పొడిచి ఉన్నాయి. పల్చటి కాగితమైతే నాలుగుసార్లు తడిమేసరికి చుక్కలు అణిగిపోతాయట. చూపులేని సంగీతం మాస్టారి దగ్గర ఆ రాత నేర్చుకుని, రోజూ మధ్యాహ్నం దర్జీ కొట్లో కూర్చుని పిల్లకూ నేర్పిందట. ఇదంతా దర్జీ చెప్పాడు; పెద్దమ్మ చెప్పలేదు.

పిల్ల వేళ్లు పేజీమీద నడిచాయి. పాఠం గడగడా చదివేసి ఓ చోట ఆగింది.

"అమ్మమ్మా, ఇక్కడ ఒక చుక్క తక్కువేశావు."

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "విన్నావుగా. నా తప్పులు దిద్దే పిల్ల నీ ఒకటో తరగతికి పనికిరాదా?" అంది.

హెడ్మాస్టరు రిజిస్టరు తెరిచి పిల్ల పేరు రాసుకున్నాడు. ఇన్నాళ్లూ పెద్దమ్మను వేళాకోళం చేసినందుకు సిగ్గేసింది, ఆమె తన పెద్దమ్మ అయినందుకు గర్వంగానూ అనిపించింది. ఆ ఊపులో గోడకున్న తన ఉత్తమ ఉపాధ్యాయుడి ప్రశంసాపత్రాన్ని ఫ్రేములోంచి ఊడదీసి, రెండో వాచకానికి వాడుకొమ్మని అందించాడు.

పెద్దమ్మ దాన్ని వేళ్లమధ్య నలిపి చూసింది.

"పల్చగా ఉంది నాయనా, చుక్క నిలవదు. నువ్వే ఉంచుకో" అని, ఫ్రేము వెనకున్న అట్ట మాత్రం సంచీలో వేసుకుంది.