మత్తు దిగేదాకా

నేను మత్తు డాక్టర్ని. ఉద్యోగంలో చివరి రెండేళ్లు నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ చూశాను. ఆపరేషన్లు లేనప్పుడు నా పనంతా వెంటిలేటర్ల దగ్గరే. ఒక వేసవిలో జగ్గయ్యపేట బట్టల వ్యాపారి సత్యనారాయణగారిని అక్కడికి తీసుకొచ్చారు. ఆయనకు యాభై దాటాయి.

దుకాణంలో చీరలు చూపిస్తూ ఉన్నట్టుండి కూలిపోయారట. గుండె ఆగిపోయింది. బేరానికి వచ్చినవాళ్లలో ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. ఫ్యాక్టరీలో నేర్పిన ప్రథమచికిత్స గుర్తుచేసుకుని, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. అంబులెన్సులో షాక్ ఇచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది. స్పృహ మాత్రం రాలేదు.

గుండె ఆగినంతసేపూ మెదడుకు రక్తం అందదు. అది ఎంత దెబ్బతిన్నదో వెంటనే తెలియదు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. గొట్టాన్ని తట్టుకోవడానికి మత్తు మందు నడిపాం. మర్నాడు ఆయన ముఖమూ చేతులూ ఉలిక్కిపడ్డట్టు అదరసాగాయి. ఇది మంచి సూచన కాదు. డ్యూటీ డాక్టరు ఆ మాటే ఇంట్లోవాళ్లకు చెప్పాడు.

సత్యనారాయణగారి అన్నగారు నా గదికి వచ్చారు. వెనకే సత్యనారాయణగారి భార్య పద్మావతిగారు.

“లాభం లేదంటే చెప్పేయండి డాక్టరుగారూ. ఊపిరుండగానే ఇంటికి తీసుకెళ్లిపోతాం” అన్నారాయన.

గొట్టం తీస్తే దారిలోనే ప్రాణం పోవచ్చని చెప్పాను. అదురు ఒక్కటి చూసి తేల్చకూడదనీ, కిడ్నీలు మందగించినందువల్ల నేనిచ్చిన మత్తే ఇంకా ఒంట్లో ఉండవచ్చనీ వివరించాను. లేస్తారని మాత్రం అనలేదు.

“ఇంత సర్వీసుండి తెలీదంటే ఎట్లాగండీ?” అన్నారు అన్నగారు.

పద్మావతిగారు, “తెలీదన్నారంటే పోయినట్టు కాదుగా బావగారూ. ఆగుదాం” అన్నారు.

ఆయన సరేనన్నారు.

మత్తు ఆపి, అదురుకు మందు కొనసాగించాం. పూటపూటకూ కంట్లో టార్చి వేసి చూశాను. మొదట కంటిపాప కదలికే అనుమానంగా ఉండేది. తర్వాత వెలుగుకు స్పష్టంగా ముడుచుకుంది. గొట్టంలో కఫం తీస్తుంటే దగ్గారు. ఆ మర్నాడు పద్మావతిగారు మంచం అటువైపు నుంచి ఇటు వస్తుంటే ఆయన చూపు ఆమె వెంట వచ్చింది. ఆమె కంటే ముందు నర్సు గమనించి నన్ను పిలిచింది. నేను చెయ్యి నొక్కమన్నాను. నొక్కారు.

గొట్టం తీశాక ఇంట్లోవాళ్లు విజయవాడ తీసుకెళ్లి గుండె రక్తనాళంలో స్టెంటు వేయించారు.

కొన్ని నెలలకు భార్యాభర్తలిద్దరూ చూపించుకోవడానికి వచ్చారు. నడక బాగుంది, మనుషుల్ని గుర్తుపడుతున్నారు. పాత సంగతులు చెబుతున్నారు గానీ, అప్పుడే విన్నది నిలవడం లేదు. నా పేరు మూడుసార్లు అడిగారు.

“మళ్లీ దుకాణంలో కూర్చోబెట్టొచ్చా అండీ?” అన్నారామె.

పక్కన ఎవరైనా ఉంటే కూర్చోవచ్చన్నాను.

“నేనే ఉంటానండీ. చీర చూపిస్తారు, ధర నేను చెబుతా.”

ఆ తర్వాత నేను బంధువులతో మాట్లాడే పద్ధతి మారింది. స్పృహ వస్తుందా అన్నది ఒక ప్రశ్న. వచ్చిన మనిషి మునుపటి పని చేసుకోగలడా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి చెప్పిన జవాబును వినేవాళ్లు రెండోదానికీ వర్తింపజేసుకుంటారు. కాబట్టి రెండూ విడివిడిగా చెప్పాలి. తెలియనప్పుడు తెలియదనే చెప్పి, మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తామో కూడా చెప్పాలి.